ఒక సైజు పెద్ద బూట్లు

నవంబరు వస్తే చాలు, మా అక్క స్వెటర్ బయటికి తీస్తుంది. హైదరాబాదులో అప్పటికి ఇళ్లలో ఇంకా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. నిజాంపేటలో ఉన్న తన ఇంటికీ, తను లెక్కలు చెప్పే బడికీ మధ్య స్కూటీ మీద పట్టుమని పది నిమిషాల దారి ఉండదు. ఆ కాస్త దారికి తలకు మంకీ క్యాప్, చేతులకు గ్లవ్స్, మెడకు మఫ్లరు. "ఎవరినన్న దోసుకోనీకి పోతున్నవా అక్కా?" అని నేను ఏడిపిస్తే, "చలి చెవులల్లకెళ్లి లోపటికి పోతది. ఏసీల కూసునేదానివి, నీకేమెరుక?" అంటుంది. అలాంటి మనిషికి చిన్నప్పటి నుంచీ ఉన్న ఒకే ఒక్క సరదా కోరిక ఏమిటంటే, మంచు కొండ మీద నుంచి జారుతూ కిందికి రావాలని.

ఎప్పుడో పక్కింటి టీవీలో చూసిందట. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ రెండు పొడుగు పలకల మీద నిలబడి, అటూ ఇటూ వొంగుతూ తెల్లటి వాలు మీద దిగి వచ్చిందట. ఆవిడ ఎవరో, అది ఏ దేశమో అక్కకు తెలియదు. కానీ ఆ వొంగడం ఎలా ఉందో ఇప్పటికీ వంటింట్లో గరిటె పట్టుకుని చేసి చూపిస్తుంది. పెళ్లిలో నగలు అడగలేదు, తర్వాత చీరలూ అడగలేదు. ఈ ఒక్కటి మాత్రం నవ్వుతూ నవ్వుతూనే అడుగుతూ వచ్చింది.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు కట్టిన దాంట్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఉండేది హఫీజ్‌పేట్‌లో, ఒక్కదాన్నే. కొన్నేళ్ల కిందట జనవరి సెలవుల్లో గుల్‌మార్గ్‌లో మంచు మీద జారడం నేర్పే వారం రోజుల స్కీ శిక్షణ ఉందని తెలిసి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. బావను కూడా పిలిచాం. ఆయనకు మంచు అంటే ఫ్రిజ్‌లో ఉండేదే చాలు, రానన్నాడు.

ప్రయాణానికి ఉన్న రెండు నెలలూ అక్క తన అపార్టుమెంటు మెట్లు ఎక్కింది, దిగింది. నేను ఆఫీసులో లిఫ్టు మానేసి మెట్ల మీద ఆయాసపడ్డాను. బట్టల గురించి చదివాం, కళ్లద్దాల గురించి చదివాం, పెదవులకు ఏం రాసుకోవాలో కూడా చదివాం. బూట్ల గురించి మాత్రం చదవలేదు. అవి అక్కడే కిరాయికి ఇస్తారు. బూట్లు వేసుకోవడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాం.

నిజానికి మాకు బూట్లు వేసుకోవడం నేర్పింది మా నాన్నే. ప్రతి జూన్‌లో బడి తెరిచే ముందు మమ్మల్ని కూకట్‌పల్లిలో చెప్పుల దుకాణానికి తీసుకెళ్లేవాడు. జోడు తొడిగించి, బొటనవేలితో ముందుభాగం నొక్కి చూసేవాడు. లోపల మా కాలివేలు తగిలిందా, అది చిన్నదైనట్టే. "పెరిగే పిల్లలు. ఒక సైజు పెద్దదియ్యి సేఠ్" అనేవాడు. ఆ జోడు సరిగ్గా సరిపోయే నాటికి చిరిగిపోయేది. చిరగకపోతే అక్క నుంచి నాకు వచ్చేది, నాకు అది మరో సైజు పెద్దది. అందుకని అక్క రోజూ పొద్దున నా ముందు గొంతుక్కూర్చుని బూట్ల ముందుభాగంలో దూది కూరి, నా కాలు లోపలికి తోసి, లేసులు బిగించేది. నా బడి రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పాపిడే. నూనె పెట్టి దువ్విన తల మధ్యలో తిన్నని పాపిడి, దాని కింద ఎక్కడో నా కాళ్లు.

గుల్‌మార్గ్‌లో మొదటి రోజు పొద్దున బూట్ల దుకాణం ముందు జాతరలా ఉంది. స్కీ బూటు అంటే మామూలు బూటు కాదు. గట్టి ప్లాస్టిక్ డొప్ప. మోకాలి కిందిదాకా వస్తుంది, ముందువైపు ఇనుప బకిళ్లు, లోపల మెత్తటి పొర. దుకాణంలో కుర్రాళ్లు ఊపిరి తీసుకునే తీరిక లేకుండా ఉన్నారు, ఎవరేది అడిగితే అది చేతికిచ్చి పంపేస్తున్నారు. అక్కకు తన సైజు బూటు వచ్చింది. తొడుక్కుని నిటారుగా నిలబడింది.

"ఏలు ఆనుతున్నదే," అంది నాతో. "చిన్నగైంది."

బొటనవేలితో ముందు నొక్కి చూడబోయింది, ప్లాస్టిక్ కదా, నొక్కుడు పడలేదు. అయినా తీర్పు మారలేదు. తన హైదరాబాదీ హిందీలో, "భయ్యా, ఏక్ సైజ్ బడా దేవ్, దోనోంకు" అంది. దోనోంకు అంటే నాకూ అన్నమాట. కుర్రాడు ఇచ్చేశాడు. నేను నా బూట్లో కాలు పెట్టుకుని, అబ్బ, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను.

ఇక మిగిలిన ఖాళీని అక్క మేజోళ్లతో నింపింది. ముందు నూలువి, వాటి మీద ఊలువి, ఆ పైన ఇంకో ఊలు జత. లోపల వేసుకున్న వెచ్చటి ప్యాంటు అంచులు కూడా బూట్లోకి దోపింది, చలి దూరకుండా. నాకూ అలాగే చేసింది, గొంతుక్కూర్చుని. నాకు నలభై దగ్గరపడుతోంది, చుట్టూ దేశం నలుమూలల జనం, మా అక్క నా మేజోళ్లు పైకి లాగుతోంది. సిగ్గుపడ్డాను గానీ సంతోషంగానే ఉన్నాను.

మంచు మీద మా అక్క ఎలా ఉందో ఎంత చెప్పినా తక్కువే. నేను నిలబడ్డ ప్రతిసారీ పడిపోయాను. పడినంతసేపూ అక్కడే కూర్చుని టీ ఎప్పుడిస్తారో అని చూశాను. అక్క అలా కాదు. పిల్లలకు నేర్పే చిన్న వాలు మీద మొదటి రోజు సాయంత్రానికే ఎవరూ పట్టుకోకుండా దిగింది. శిక్షకుడు చప్పట్లు కొట్టాడు. కింద ఆగి నావైపు తిరిగినప్పుడు ఆ ముఖం చూశాను. బడిలో పరీక్ష పేపర్లు దిద్దే ముఖం కాదది. ఆ వారం చివరి రోజు అందరినీ తీగకు వేలాడుతూ కొండెక్కే తాళ్ల కుర్చీలో పై వాలుకి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దిగమంటారని చెప్పారు. అక్క ఆ వాలు వైపు చూస్తూ, "గక్కడికెళ్లే గదా గా ఎర్ర కోటామె దిగింది" అంది. అది ఈ కొండ కాదక్కా అని చెప్పబోయి మానేశాను.

రెండో రోజు నుంచి అక్క మాట తగ్గించింది. మూడో రోజు నడకలో తేడా కనిపించింది, మెట్లు పక్కకు తిరిగి దిగుతోంది. అడిగితే "అలవాటు లేని పని గదా, జర గుంజుతుంది, గంతే" అంది. ఆ సాయంత్రం గదిలో బలవంతంగా మేజోళ్లు విప్పించాను. మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక పొడుగునా ఎర్రగా కమిలి ఉంది, ఒకచోట వాచి నీలం తిరిగింది. మేజోళ్ల ముడతలు చర్మం మీద అచ్చుపడ్డాయి. వేలు ఆనించగానే పళ్లు బిగించింది.

"గిట్లుంటే ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

"చెప్తే నువ్వు ఆపేస్తవని," అంది.

మా ఇంట్లో నొప్పికి మందు ఒక్కటే, వేడి. అక్క వస్తూ వస్తూ వేడినీళ్ల సంచి కూడా తెచ్చుకుంది, ఆశ్చర్యం లేదు. హోటలు కుర్రాడు నీళ్లు కాచి తెచ్చాడు. కాపు పెట్టాను. తర్వాత బామ్ రాసి, కొబ్బరినూనెతో బాగా మర్దన చేశాను, పై నుంచి కిందికి, ఎముక మీదుగా. అక్క దిండు పట్టుకుని "గట్టిగ రుద్దు, రక్తం పారాలె" అంటే ఇంకా గట్టిగా రుద్దాను. కిటికీ బయట దాని అంచు దాకా మంచు పేరుకుని ఉంది. చెయ్యి చాపితే అందేది.

మర్నాడు వాపు ఎక్కువైంది. అయినా అక్క మంచు మీదికి వచ్చింది. నొప్పికి భయపడి వెనక్కి వాలి నిలబడేది. అలా వాలితే కాలు బూట్లో ఇంకా జారి, ముందెముక పోయి ఆ డొప్పకే కొట్టుకునేది. మధ్యాహ్నానికి ఇక తన వల్ల కాదని ఒప్పుకుని గదికి వచ్చేసింది. మళ్లీ కాపు, మళ్లీ మర్దన.

చివరి రోజు పొద్దున బూటు తొడుక్కుంది. పై బకిల్ బిగించింది. లేచి నిలబడింది, కూర్చుంది. మళ్లీ లేవలేదు. "నువ్వు పో. నేను కింద నిలవడి చూస్త" అంది. నేను పోలేదు. పోయి ఉన్నా పల్టీలు కొడుతూ వచ్చేదాన్ని, అది వేరే సంగతి. ఇద్దరం టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. మాతో నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే పై నుంచి దిగి వస్తున్నారు. అక్క ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టింది. గ్లవ్స్ చేతులతో కొట్టే చప్పట్లకు చప్పుడుండదు. పుణె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వొంకర్లు తిరుగుతూ దిగి, మా ముందే ఆగి, రెండు చేతులూ పైకెత్తింది. అక్క లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. కూర్చున్నాక నెమ్మదిగా, "గామె నాకంటె పెద్దది గదనే?" అంది.

నేను టీ తాగాను.

విమానంలో కూడా అదే దిగులు. "నా కాళ్లల్ల బలం లేదు. పొద్దుందాక నిలవడి పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయినయ్" అంది. మళ్లీ వచ్చే ఏడు వద్దామన్నాను. నిజంగానే అన్నాను. ఆ వచ్చే ఏడు నాకు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు పడింది. ఆ తర్వాతి ఏడు అక్కకు పదో తరగతి స్పెషల్ క్లాసులు. ఇంకో ఏడు ఇద్దరికీ కుదిరింది, ఎందుకో ఎవరమూ ఫోను తీయలేదు. మంచు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నిరుడు వానాకాలంలో బడి మెట్ల మీద జారి అక్క మణికట్టు విరిగింది. చిన్న పాటుకే అంతగా ఎందుకు విరిగిందని డాక్టరు ఎముకల పరీక్ష చేయించాడు. ఎముకలు గుల్లబారుతున్నాయన్నాడు. మందులిచ్చాడు. నడవండి, తిరగండి, మీ పనులన్నీ చేసుకోండి, పడటం మాత్రం కూడదన్నాడు. అక్క నావైపు చూసింది. స్కీ నేర్చుకోవడమంటే సగం పడటమేనని మా ఇద్దరికీ తెలుసు. దవాఖాన బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు, "ఇగ నువ్వన్న పో. పై నుంచి దిగి, ఎట్లుంటదో వచ్చి నాకు చెప్పు" అంది. కట్టు కట్టిన చేత్తోనే ఆ వొంగడం చేసి చూపించింది.

పోదలుచుకున్నాను. ఈసారి ఒళ్లు సిద్ధం చేసుకుందామని పుప్పాలగూడలో ఒక అపార్టుమెంటు కింద క్లినిక్ నడిపే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. భీమవరం వైపు మనిషి, తనూ స్కీ చేస్తుందట. కాలి కండరాలకు వ్యాయామాలు చూపిస్తూ, ఇంతకుముందు వెళ్లారా అని అడిగింది. అంతా చెప్పాను, నవ్వించేలా చెప్పాను. మేజోళ్ల దగ్గర నవ్వింది. ఒక సైజు పెద్ద అనేసరికి నవ్వు ఆపేసింది.

"అయ్యో, అదేనండి అసలు సంగతి," అంది. "స్కీ బూట్లో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలండి. మోకాళ్లు వంచి ముందుకి వాలితే మడమ వెనక్కి వెళ్లి వాటంతటవే సర్దుకుంటాయి. పెద్ద బూటైతే కాలు లోపల ఆడుతుంది, ఆడిన ప్రతిసారీ ఎముక పోయి ముందుకి కొట్టుకుంటుంది. మేజోళ్లు ఒక్కటే, పల్చటిది, మోకాలిదాకా. బూట్లో అది తప్ప ఇంకేమీ ఉండకూడదండి, ప్యాంటు అంచు కూడా."

"మరి నొప్పి పుడితే?"

"ముందు ఆపెయ్యాలి. గుడ్డలో మంచు చుట్టి కాసేపు పెట్టి తీస్తూ ఉండాలి, కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఒక్కచోటే పోటు పెడుతున్నా, పాదం మొద్దుబారినా డాక్టరుకి చూపించాలి. కమిలిన ఎముక మీద మర్దన అసలు చెయ్యకూడదండి. మీరేం పెట్టారు?"

"వేడినీళ్లు," అన్నాను.

"అక్కడంతా మంచే కదండీ," అంది. ఎత్తిపొడవాలని కాదు, అర్థంకాక అంది.

అదే అడిగాను, సరైన బూటు ఉండి, మంచు పెట్టి, ఒకటి రెండు రోజులు కూర్చోబెట్టి ఉంటే చివరి రోజు అక్క దిగేదా అని. చూడకుండా చెప్పలేనంది. మళ్లీ తనే, "చాలామంది దిగుతారండి" అంది.

పార్కింగులో కారులో చాలాసేపు కూర్చున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాన్న బొటనవేలి మీద, కూకట్‌పల్లి దుకాణం మీద, దూది మీద. రోజంతా ఇంకొకరి పనిలో తప్పులు వెతికే నేను, కాళ్లకు తొడుక్కున్నదాన్ని ఒక్కసారి అనుమానించలేదు. అక్క కాళ్లలో బలం లేకపోవడం కాదు, ఏమీ కాదు. ఒక్క సైజు. కిటికీ బయట ఉన్నదాన్ని చేయి చాపి తెచ్చుకోకపోవడం. అంతే.

వెంటనే అక్కకు చెప్పాలని ఫోను తీశాను. నీ కాళ్లకేం తక్కువ లేదక్కా అని చెప్పాలనిపించింది. కానీ ఆ మాట తర్వాత మిగతాది కూడా చెప్పాలి కదా. ముందు నవ్వుతుంది, నాకు తెలుసు. ఫోను పెట్టేశాక లెక్కల టీచరు లెక్క వేస్తుంది. పెద్దది ఇమ్మన్నది ఎవరు? దోనోంకు అన్నది ఎవరు? మళ్లీ వెళ్లే దారి ఉంటే చెప్పేదాన్ని, సరిదిద్దుకునేది. దారి మూసుకున్నాక చెప్పి ఏం లాభం? ఫోను పక్క సీట్లో పడేశాను.

ఈ జనవరిలో వెళ్లాను. నా సైజు బూటే అడిగాను. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగిలాయి. "ఏలు ఆనుతున్నదే" అని చెవి పక్కన వినిపించినట్టయింది. మోకాళ్లు వంచాను, వేళ్లు వెనక్కి వచ్చాయి. ఒక్క పల్చటి మేజోడు. చలి ఎక్కడి నుంచీ దూరలేదు.

వారమంతా పడ్డాను, లేచాను. చివరి రోజు తాళ్ల కుర్చీలో పైకి తీసుకెళ్లారు. దిగాను. ఎర్ర కోటు ఆవిడలా కాదు, పుణె పెద్దావిడ కన్నా కూడా వొంకరగానే దిగాను. కానీ దిగాను. కింద ఆగి, కాళ్ల వైపు చూసుకున్నాను. ముందెముక నొయ్యలేదు. ఎక్కడా కొంచెం కూడా నొయ్యలేదు. ఆ నొప్పి లేకపోవడమే నేను తట్టుకోలేకపోయాను. కళ్లద్దాల లోపల ఏడిస్తే అద్దాలు మసకబారతాయని అప్పుడే తెలిసింది. టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు అలాగే ఉన్నాయి. ఎవరో ఇద్దరు కూర్చుని టీ తాగుతున్నారు.

నేను తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం అక్క హఫీజ్‌పేట్ వచ్చింది. స్వెటరుతో, మఫ్లరుతో, డబ్బాలో సర్వపిండితో. ఫోన్లో తీసిన వీడియో మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. ఒకచోట నేను వొంగితే "గట్ల కాదు, ఇంక జర" అని తను వొంగి చూపించింది. తర్వాత ఫోను పక్కన పెట్టి, నావైపు చూడకుండా, మఫ్లరు కొస మడత పెడుతూ అడిగింది.

"కాళ్లు నొచ్చినయా?"

ఆ ప్రశ్న ఎన్నేళ్లుగా దాచుకుందో ఆ మఫ్లరు చూస్తే తెలిసింది.

"నొచ్చినయక్కా," అన్నాను. "ముందెముక. నీకు నొచ్చిన కాడనే."

అక్క ముఖం తేటపడింది. "నేను చెప్పలే? గా బూట్లే గంత. ఎవలకైనా నొస్తది. నా కాళ్లదే తప్పనుకున్న ఇన్ని రోజులు," అంటూనే వంటింట్లోకి వెళ్లింది. గిన్నె చప్పుడు వినిపించింది, స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. నేను వద్దనలేదు.

వేడినీళ్ల సంచి తువ్వాలులో చుట్టి తెచ్చి, నా ముందు గొంతుక్కూర్చుంది. విరిగి అతుక్కున్న చేతిని నెమ్మదిగా ఆనించి, నా కాలు తన ఒళ్లోకి తీసుకుని, ప్యాంటు పైకి మడిచి, ఎముక మీద సంచి పెట్టింది. పై నుంచి పాపిడి కనిపించింది. అదే తిన్నని పాపిడి, రెండు వైపులా తెల్లబడింది.

"కాలుతున్నదా?" అని అడిగింది.

"లేదు. మంచిగుంది, ఉంచు," అన్నాను.

నీళ్లు చల్లారేదాకా ఉంచింది. మళ్లీ కాచి తెస్తానంటే, సరేనన్నాను.